సెషన్‌లో గొడవ మొదలైతే కూల్‌గా ఉండటం ఎలా? మ్యూజిక్ ప్రొడ్యూసర్ల కోసం పూర్తి గైడ్

"అన్నా, డైరెక్టర్ మళ్లీ మార్చమంటున్నాడు, ఇది ఏడోసారి, నాకు బుర్ర తిరుగుతోంది." ఇలాంటి మెసేజ్‌లు నాకు నెలకి నాలుగైదు వస్తాయి, అదీ రాత్రి పదకొండు దాటాకే. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు ఇవ్వలేక అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే నిర్మాత కాదు. (కృష్ణానగర్ చాయ్ కొట్టు దగ్గర నేను ప్రొడ్యూసర్‌ని అన్నందుకు ఒకాయన ఫొటోలు చేతిలో పెట్టి వేషం అడిగాడు.) బీట్ కట్టి, వాయిస్ రికార్డ్ చేసి, అరేంజ్‌మెంట్ (ఏ వాయిద్యం ఎక్కడ రావాలో కూర్చడం), మిక్స్ (అన్ని ట్రాక్‌ల లెవెల్స్ సరిచేసి కలపడం) దాకా చూసుకునే మనలాంటి వాళ్ల గురించి రాస్తున్నాను. సినిమా అయినా, ప్రైవేట్ సాంగ్ అయినా, యూసుఫ్‌గూడలో ఒక బెడ్‌రూమ్ స్టూడియో అయినా పద్ధతి ఒకటే.

నేను చూసినంతలో చాలా గొడవలు టేస్ట్ తేడాల వల్ల రావు. ఒకరు తమకి అనిపించింది మాటల్లో చెప్తారు, ఇంకొకరు ఆ మాటని తిట్టులా తీసుకుంటారు, ఈ మధ్యలో ప్లే బటన్ ఎవరూ నొక్కరు. కింద రాసిన అడుగులన్నీ ఆ బటన్ దగ్గరికి త్వరగా చేరడానికే.

1. పని ఒప్పుకున్న రోజే తేల్చుకోవాల్సినవి

సెషన్‌లో అరుచుకునే విషయాల్లో సగం నిజానికి మొదటి రోజు అడగని ప్రశ్నలు. మొహమాటం వల్ల అడగం. "మనవాడే కదా" అనుకుంటాం. ఆ మనవాడితోనే మూడు నెలల తర్వాత మాటలు ఉండవు.

అడ్వాన్స్ తీసుకునే ముందే వాట్సాప్‌లో అయినా సరే, రాతపూర్వకంగా ఇవి ఉండాలి:

- చివరి మాట ఎవరిది? ఒక్క పేరే రాయండి. డైరెక్టర్, హీరో, నిర్మాతగారి బావమరిది ముగ్గురూ కరెక్షన్లు చెప్తే మీరు ముగ్గురితోనూ చెడతారు.
- ఎన్ని మార్పులు ఈ డబ్బులో కలిసి ఉన్నాయి? నేను అరేంజ్‌మెంట్‌కి మూడు, మిక్స్‌కి రెండు అంటాను. ఆ పైన ఒక్కోదానికి ఎంతో కూడా రాస్తాను.
- రిఫరెన్స్ పాటలు రెండు, మూడు. ఒక్కో పాటలో ఏం నచ్చిందో ఒక్క వాక్యం.
- సెషన్ ఫైళ్లు (కంప్యూటర్‌లో ఆ పాట ప్రాజెక్ట్), స్టెమ్స్ (వాయిస్, డ్రమ్స్ లాంటివి విడివిడిగా తీసిన ఆడియో ఫైళ్లు) ఎవరి దగ్గర ఉంటాయి, ఎప్పుడు ఇస్తారు?
- క్రెడిట్ ఎలా పడుతుంది, హక్కుల్లో వాటా ఉందా లేదా?

ఆ చివరిదాని దగ్గర కాసేపు ఆగండి. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత, పాట రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు రాయల్టీలో తమ సమాన వాటాని వదులుకుంటున్నట్టు సంతకం పెట్టినా అది చెల్లదు, సినిమాతో పాటు థియేటర్‌లో ఆడే సందర్భం ఒక్కటే మినహాయింపు. హక్కులు రాసిచ్చే కాగితంలో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లుగా, ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం వరకుగా లెక్క వేస్తారు. కానీ ట్యూన్ మీది కాకుండా ప్రోగ్రామింగ్ (కంప్యూటర్‌లో బీట్, వాయిద్యాలు కట్టడం) మాత్రమే చేస్తే చట్టం తనంతట తానే మీకు వాటా ఇస్తుందని అనుకోకండి. అది కాగితం మీదకి రావాల్సిందే. ట్యూన్ మీదే అయితే పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సొసైటీ ఐపీఆర్ఎస్‌లో మెంబర్‌షిప్ తీసుకోండి.

2. సెషన్‌కి ముందు: గది, ఒళ్లు, చెవులు

కూల్‌గా ఉండటం మనసు సంగతే అనుకుంటాం గానీ అందులో ముప్పావు వంతు తిండి, నిద్ర, కంప్యూటర్. మధ్యాహ్నం రెండు దాకా తినకుండా కూర్చుని "ఎందుకో ఈ రోజు అందరి మీదా చిరాకేస్తోంది" అనే ప్రొడ్యూసర్లు నాకు చాలామంది తెలుసు. నేనూ అందులో ఒకణ్ణే.

చెవుల సంగతి మరీ ముఖ్యం. 85 డెసిబెల్స్ శబ్దం రోజుకి ఎనిమిది గంటలు వినొచ్చని ఒక లెక్క ఉంది, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుంది. అంటే 94 దగ్గర గంటే. క్లయింట్ వచ్చాడు కదా అని మానిటర్లు (స్టూడియో స్పీకర్లు) దద్దరిల్లేలా పెడితే రెండు గంటల తర్వాత ఎవరి చెవీ పనిచేయదు, కానీ అందరూ తీర్పులు మాత్రం చెప్తూనే ఉంటారు.

సెషన్ ముందు చెక్‌లిస్ట్:

- టెంప్లేట్ తెరిచి ఉంది, మైక్ లెవెల్స్ చూశాను, హెడ్‌ఫోన్ మిక్స్ సిద్ధం
- ఫైల్ కొత్త పేరుతో సేవ్ చేశాను (తేదీ, వెర్షన్ నంబర్. "ఫైనల్ ఫైనల్ 2" కాదు)
- రిఫరెన్స్ పాటలు సెషన్‌లోనే ఒక ట్రాక్ మీద ఉన్నాయి
- యూపీఎస్ ఛార్జ్ ఉంది. టేక్ మధ్యలో కరెంట్ పోతే ఎవరి ప్రశాంతతా మిగలదు
- వాన ఉంటే సింగర్ టైమ్‌కి ముప్పావు గంట కలుపుకున్నాను. అమీర్‌పేట దగ్గర ఇరుక్కున్న మనిషికి ఐదుసార్లు ఫోన్ చేస్తే వచ్చాక పాట బాగా పాడరు
- నీళ్లు, తినడానికి ఏదో ఒకటి, రాసుకోవడానికి కాగితం, పెన్

వినాయక చవితి రోజుల్లో ఇంటి స్టూడియోలో వాయిస్ రికార్డింగ్ పెట్టుకోకండి. దీనికి వివరణ అక్కర్లేదనుకుంటా.

3. కోపం వస్తున్న ఆ నిమిషంలో

ముందు మీ గుర్తు ఏంటో కనిపెట్టండి. కొందరికి దవడ బిగుస్తుంది, కొందరు "సరే సార్" అని మరీ మర్యాదగా అయిపోతారు. నేనైతే వాల్యూమ్ పెంచుతాను. ఎదుటివాడి మాట వినపడకుండా. ఇది నాకు తెలియడానికే నాలుగేళ్లు పట్టింది, అదీ ఒక గిటారిస్ట్ చెప్తే.

గుర్తు కనపడగానే ఈ వరుసలో చేయండి:

1. మౌస్ మీద నుంచి చెయ్యి తీసేయండి. కోపంలో డిలీట్ చేసిన ట్రాక్ మళ్లీ కట్టుకోవాల్సింది మీరే.
2. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదుసార్లు. వదలడం పొడవుగా ఉంటే గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే ఆరు. కళ్లు మూసుకుని యోగిలా కూర్చోనక్కర్లేదు, స్క్రీన్ చూస్తూనే చేయొచ్చు, ఎవరికీ తెలియదు.
3. వాళ్లు అన్న మాటని అన్నట్టే కాగితం మీద రాయండి. "బోర్ కొడుతోంది" అంటే అలాగే రాయండి.
4. రాసింది చదివి వినిపించండి: "రెండో చరణంలో బోర్ కొడుతోందన్నారు, అంతేనా?" ఇక్కడ సగం మంది తమ మాటని తామే సరిచేసుకుంటారు. "బోర్ అని కాదు గానీ, అక్కడ ఏదో తగ్గినట్టుంది" అంటారు.
5. అప్పటికీ తగ్గకపోతే లేచి బయటికి వెళ్లండి. "ఒక పది నిమిషాలు, చాయ్ తాగి వద్దాం" అనండి. వద్దాం అనడం ముఖ్యం, మీరొక్కరే వెళ్తే అలిగినట్టుంటుంది.

బ్రేక్‌లో ఆ పాట గురించి మాట్లాడకూడదు. ఇదొక్కటే రూల్.

4. మాటని సౌండ్‌లోకి మార్చడం

ఇదే అసలు పని, అందుకే దీని మీద ఎక్కువ రాస్తున్నాను.

డైరెక్టర్‌కి 200 హెర్ట్జ్ అంటే ఏంటో తెలియక్కర్లేదు. ఆయనకి తెలిసింది "ఊపు లేదు". దాన్ని నాబ్‌ల భాషలోకి మార్చడం మన పని, జీతం దానికే. ముందు మూడే మూడు ప్రశ్నలు: ఎక్కడ? దేనిలో? దేనితో పోలిస్తే? పాట ఆపి అడగకండి, ఆడుతుండగా "అనిపించిన చోట చెయ్యెత్తండి సార్" అనండి. నాలుగు నిమిషాల పాట మొత్తం బాలేదన్న మనిషి చివరికి ఎనిమిది సెకన్ల ముక్క ఒక్కదాని దగ్గరే చెయ్యెత్తుతాడు.

మన దగ్గర ఎక్కువ వినపడే మాటలు, నేను ముందు వెతికే చోట్లు:

- "ఊపు లేదు." ముందు టెంపో 2, 3 బీపీఎమ్ (నిమిషానికి బీట్లు) పెంచి వినిపిస్తాను. తర్వాత గ్రిడ్ (స్క్రీన్ మీద బీట్లు పడాల్సిన గీతలు) చూస్తాను. తీన్మార్ లాంటి దరువుని వంద శాతం క్వాంటైజ్ చేస్తే, అంటే ప్రతి దెబ్బనీ సరిగ్గా ఆ గీత మీదకి లాగేస్తే, డప్పు కాస్తా గడియారం అవుతుంది. అరవై, డెబ్బై శాతానికి దించండి, లేదా లైవ్‌లో వాయించిన తప్పులని తప్పులుగానే వదిలేయండి. చాలాసార్లు కొత్త సౌండ్ ఏదీ కలపకుండానే ఊపు వచ్చేస్తుంది.
- "కిక్ లేదు." ఎక్కడ విన్నారో అడగండి. ఫోన్‌లో అంటే సబ్ (అన్నిటికంటే అడుగున ఉండే బేస్) పెంచి లాభం లేదు, ఫోన్ స్పీకర్‌లో 60 హెర్ట్జ్ ఎటూ రాదు. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కిక్ డ్రమ్ తాలూకు దెబ్బ వినపడేలా చేయండి.
- "వాయిస్ మునిగిపోతోంది." వాయిస్ పెంచే ముందు దానికి అడ్డొస్తున్న ప్యాడ్‌లని (వెనక సాగుతూ ఉండే సింథ్ సౌండ్లు), గిటార్లని 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య కొద్దిగా తగ్గించండి.
- "మందంగా ఉంది", "గుయ్యిమంటోంది." 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య సౌండ్ పోగుపడి ఉంటుంది.
- "ఫీల్ రావట్లేదు." ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే ఇది చాలాసార్లు మిక్స్ సంగతి కాదు. సింగర్ టేక్, లేకపోతే లిరిక్, లేకపోతే ట్యూన్. అన్నీ మ్యూట్ చేసి ఒక్క వాయిస్, ఒక్క పియానో వినిపించండి. అలా విన్నా ఫీల్ రాకపోతే ప్లగిన్‌లతో (సౌండ్‌ని మార్చే సాఫ్ట్‌వేర్) రెండు రోజులు వృథా చేసుకోవద్దు.
- "ముందు పంపిందే బాగుంది." వందసార్లు విన్న డెమోకి చెవి అలవాటు పడిపోతుంది. కోపం తెచ్చుకోకుండా డెమోని సెషన్‌లో పెట్టి, రెండిటి లెవెల్ సమానం చేసి, అందులో ఏది నచ్చిందో వెతకండి. ఒకసారి నేను ఎంతో కష్టపడి కట్టిన స్ట్రింగ్స్ మొత్తం వద్దన్నారు, చూస్తే వాళ్లకి కావాల్సింది డెమోలో నేను ఫోన్‌లో రికార్డ్ చేసి పడేసిన చప్పట్లు.

"అచ్చం ఆ పాటలా కావాలి" అంటే ఒక్క నిమిషం ఆగండి. టెంపో, దరువు, ఏ వాయిద్యం ఎక్కడ వస్తుంది, వాయిస్ ఎంత దగ్గరగా ఉంది, ఇవి తీసుకోవచ్చు. ట్యూన్ తీసుకోకూడదు. తర్వాత నోటీసు వస్తే మీ పేరు కూడా అందులో ఉంటుంది.

5. వాదన బదులు రెండూ వినిపించండి

అభిప్రాయాలు రెండు వచ్చాయా, రెండూ కట్టేయండి. నోటితో నలభై నిమిషాలు వాదించేదాన్ని చేత్తో ఇరవై నిమిషాల్లో కట్టొచ్చు.

1. ఉన్న సెషన్ ఫైల్‌ని కొత్త పేరుతో సేవ్ చేయండి. "మీ పాతది ఎక్కడికీ పోలేదు" అని తెలిస్తేనే ఎదుటివాళ్లు ప్రయోగానికి ఒప్పుకుంటారు. మీరు కూడా.
2. టైమర్ పెట్టండి, ఇరవై నిమిషాలు. పక్కాగా ఉండక్కర్లేదు, ఆలోచన అర్థమైతే చాలు.
3. రెండు వెర్షన్‌ల లౌడ్‌నెస్ సమానం చేయండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా మన చెవి దాన్నే మంచిదంటుంది. ఇది చేయకపోతే మిగతా పోటీ అంతా దండగ.
4. ఏది ఎవరిదో చెప్పకుండా "ఒకటి, రెండు" అని వినిపించండి. తర్వాత వరుస మార్చి ఇంకోసారి.
5. గదిలో ఎవరూ మాట్లాడకుండా ఎవరికి వాళ్లు కాగితం మీద నంబర్ రాయాలి. పెద్దాయన ముందే నోరు తెరిస్తే మిగతా వాళ్లంతా ఆయన పక్షమే.
6. తేలకపోతే రాత్రికి వదిలేయండి. రెండూ ఫోన్‌లో వేసుకుని జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి కేబుల్ బ్రిడ్జి దాకా కారులో ఒక రౌండ్ వేయండి. మరుసటి రోజు పొద్దున ఒకటి గుర్తుంటుంది.

ఇక్కడ మనవాళ్లు చేసే దొంగపని ఒకటుంది: ఎదుటివాళ్ల ఐడియాని కావాలనే చెత్తగా కట్టడం. నేనూ చేశాను. దొరికిపోతాం. ఆ తర్వాత మనం నిజాయితీగా కట్టినదాన్ని కూడా నమ్మరు.

6. ఎవరితో ఎలా మాట్లాడాలి

సింగర్‌తో. హెడ్‌ఫోన్‌లో ఉన్న మనిషికి గ్లాస్ ఇవతల మనం నవ్వుకుంటే తన గురించే అనిపిస్తుంది. టేక్ అయ్యాక టాక్‌బ్యాక్ (సింగర్‌కి మన మాట వినిపించే బటన్) నొక్కకుండా లోపల చర్చ పెట్టుకోవద్దు. ముందు ఏదో ఒకటి చెప్పండి, "ఒక్క నిమిషం మేడమ్, వింటున్నాం" అన్నా చాలు. తప్పు చెప్పేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే. "శృతి పోతోంది, ఉచ్చారణ బాలేదు, ఎమోషన్ లేదు" అని మూడూ కలిపి చెప్తే నాలుగోది కూడా పోతుంది.

డ్యూయెట్‌లలో శృతి తగాదా తప్పదు. ఆయనకి ఒకటిన్నర శృతి హాయిగా ఉంటుంది, ఆమెకి అదే శృతిలో కింద గొంతు రాదు, పైన మరీ పైకి పోతుంది. ఇద్దరినీ పిలవకముందే ఇద్దరి రేంజ్ అడిగి, అర మెట్టు అటూ ఇటూ చేసిన మూడు ట్రాక్‌లు సిద్ధంగా పెట్టండి. లేదా ఆమె చరణానికి శృతి మార్చే చిన్న మ్యూజిక్ బిట్ ముందే కట్టండి. సెషన్‌లో కూర్చుని తేల్చుకుందామంటే ఒకరి ఈగో కచ్చితంగా దెబ్బతింటుంది.

లిరిక్ రైటర్‌తో. మన దగ్గర ఎక్కువగా ట్యూన్ ముందు, మాట తర్వాత. తననానాకి పదాలు కూర్చడం తేలికైన పనేం కాదు. గొడవ ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, చిన్న అక్షరం మీద పొడుగు స్వరం పడటం: "మది" అని రాస్తే పాటలో "మాది" అయిపోతుంది, అర్థమే మారిపోయింది. రెండోది, వేగంగా పోయే చోట "జ్ఞాపకం", "స్వప్నం" లాంటి ఒత్తుల మాటలు, నోరు తిరగదు. "మాట మార్చండి" అనే ముందు స్వరాన్ని ఒక అక్షరం పక్కకి జరపొచ్చేమో చూడండి. మీరు ఒక నోట్ మార్చి ఆయన్ని ఒక మాట మార్చమని అడగండి, ఒప్పుకుంటారు.

"గురువుగారూ, ఈ లైన్ చాలా బాగుంది, కానీ ఈ 'మది' పాడితే సాగుతోంది, ఒక్కసారి వినండి" అని వినిపించి ఊరుకోండి. పరిష్కారం ఆయనే చెప్తారు.

డైరెక్టర్‌తో. సీన్ అడగండి, పాట గురించి కాదు. "ఇక్కడ అమ్మాయి వెళ్లిపోతుందా, ఉండిపోతుందా?" అనే ఒక్క ప్రశ్నతో పది కరెక్షన్లు తగ్గుతాయి. అందరి ముందు కాదనకండి, పక్కకి పిలిచి చెప్తే వినని డైరెక్టర్లు తక్కువ.

స్నేహితుడితో. ఇది అన్నిటికంటే ప్రమాదం. "ఏరా మావా, ఇది కూడా చేయలేవా" దగ్గర మొదలై ఎక్కడికో పోతుంది. స్నేహితుడికి కూడా ఒకటో అడుగులోని కాగితం పంపండి, నవ్వితే నవ్వనివ్వండి.

7. ఎక్కడ తగ్గాలి, ఎక్కడ తగ్గకూడదు

పాట వాళ్లది, డబ్బు వాళ్లది, విషయం ఇష్టాయిష్టాలది అయితే ఒకసారి మీ అభిప్రాయం చెప్పి, వినిపించి, తర్వాత వాళ్ల మాట ప్రకారం శుభ్రంగా చేసి ఇవ్వండి. గొణగొద్దు. మీకు నచ్చిన వెర్షన్ మీ డ్రైవ్‌లో భద్రంగా ఉంటుంది.

తగ్గకూడనివి తక్కువే:

- ఇంకొకరి ట్యూన్, శాంపిల్ అనుమతి లేకుండా వాడమనడం
- మీ పని మీద ఇంకొకరి క్రెడిట్
- బూతులు, ఎవరినైనా అవమానించడం. ముఖ్యంగా కొత్త సింగర్లని. గది మీదైతే ఆపాల్సిన బాధ్యత కూడా మీదే
- బాకీ తీర్చకుండా స్టెమ్స్ అడగడం

ఇలాంటప్పుడు గొంతు పెంచనక్కర్లేదు. "ఇది నేను చేయలేను సార్, దీని బదులు ఇది చేస్తాను" అని, మళ్లీ అడిగినా అదే వాక్యం, అదే స్వరంలో.

8. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారులు

- అర్ధరాత్రి వాయిస్ నోట్. పంపేశారా? పొద్దున ఫోన్ చేయండి, ఇంకో వాయిస్ నోట్‌తో సరిదిద్దొద్దు.
- గ్రూప్‌లో వాదన. పన్నెండు మంది ఉన్న వాట్సాప్ గ్రూప్‌లో ఎవరూ వెనక్కి తగ్గరు. "కాల్ చేస్తాను సార్" అని రాసి గ్రూప్ బయటికి వచ్చేయండి.
- "అలాగే సార్" అని మార్చకుండా పంపడం. ఒక్కోసారి "ఇప్పుడు బాగుంది" అంటారు కూడా, నవ్వొస్తుంది. కానీ ఏదో రోజు వాళ్ల ఇంజనీర్ రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తాడు.
- కరెక్షన్లన్నీ ఒకేసారి చేయడం. ఏది పనిచేసిందో తెలియదు. పెద్దది ముందు, వినిపించి, తర్వాత చిన్నవి.
- ప్రతిదానికీ టెక్నికల్ కారణం చెప్పడం. "సార్ అది ఫేజ్ ఇష్యూ" అంటే ఆయనకి తనని తక్కువ చేసినట్టుంటుంది. సరిచేసి వినిపించండి, అడిగితే చెప్పండి.

9. గొడవ అయిపోయిన మరుసటి రోజు

అరిచింది మీరైతే ముందు అది ఒప్పుకోండి, పాట సంగతి కలపకుండా. నేను పంపే మెసేజ్ దాదాపు ఇలా ఉంటుంది: "నిన్న గొంతు పెంచాను, అది తప్పు. మీరు చెప్పిన మూడు మార్పులు రాసుకున్నాను, రెండు చేశాను, మూడోదానికి రెండు వెర్షన్‌లు ఉన్నాయి. గురువారం సాయంత్రం వింటారా?" "కానీ మీరు కూడా" అని మొదలయ్యే వాక్యం వేళ్ల మీదకి వస్తుంది, దాన్ని టైప్ చేయకండి.

అరిచింది వాళ్లైతే రెండు రోజులు ఆగి, పనికి సంబంధించిన మామూలు ప్రశ్న ఒకటి అడగండి. ఎక్కువమంది అక్కడే మెత్తబడతారు.

తర్వాతి సెషన్‌ని గొడవైన చోట నుంచి మొదలుపెట్టకండి. తేలిగ్గా తేలే పని ఒకటి ముందు పెట్టండి, హార్మనీలు, చప్పట్లు, ఫేడ్‌అవుట్ ఎంత పొడవో, ఏదైనా. అరగంటలో ఇద్దరూ ఒకదానికి "ఓకే" అన్నాక ఆ రెండో చరణం తెరవండి. ఆ రోజు చాయ్ మీరే చెప్పండి, ఆయనకి చక్కెర తక్కువని గుర్తుంచుకుని.